కారం, ఖారా, క్షారం: ఒక మాట నడిచిన దారి

మాటల పుట్టుపూర్వోత్తరాల గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు జవాబులిచ్చే ఈ శీర్షికకు కొద్ది నెలలుగా 'క్షారం' అనే ఒక్క మాట మీదే నాలుగు ఉత్తరాలు వచ్చాయి. విడివిడిగా జవాబిస్తే చెప్పిందే మళ్లీ చెప్పవలసి వస్తుంది కనుక నాలుగింటినీ ఈసారి ఒకచోట చేర్చాను.

ప్రశ్న: నేను పదో తరగతికి భౌతిక, రసాయన శాస్త్రాలు బోధిస్తాను. ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠం మొదలుపెట్టిన రోజున ఒక అబ్బాయి లేచి, "టీచర్, క్షారమూ కారమూ ఒకటేనా?" అని అడిగాడు. కాదని చెప్పి కూర్చోబెట్టాను గానీ, ఇంటికి వచ్చాక నాకే సందేహం పట్టుకుంది. మా మామగారు రామాయణ పారాయణం చేస్తూ, భరతుడు కైకేయిని నిందించే చోట 'వ్రణే క్షారమ్' అన్న మాటలకు 'పుండు మీద కారం చల్లినట్టు' అని తాత్పర్యం చెబుతారు. వేరే పుస్తకంలో అదే చోట 'పుండు మీద ఉప్పు' అని చూశాను. మా పాఠంలోనేమో క్షారమంటే సోడియం హైడ్రాక్సైడ్. ఇంతకీ క్షారమంటే కారమా, ఉప్పా, కాస్టిక్ సోడానా?
— ఒక ఉపాధ్యాయిని, తెనాలి

జవాబు: మీ విద్యార్థి అడిగినది తేలిగ్గా తీసిపారేయదగిన ప్రశ్న కాదు. రేపు బడికి వెళ్లినప్పుడు ఆ అబ్బాయిని మెచ్చుకోండి.

ముందు మామగారి తాత్పర్యం సంగతి చూద్దాం. అయోధ్యాకాండ 73వ సర్గలో, మేనమామ ఇంటినుంచి తిరిగివచ్చి తండ్రి మరణమూ అన్న వనవాసమూ ఒకేసారి విన్న భరతుడు తల్లితో 'దుఃఖే మే దుఃఖమకరోర్వ్రణే క్షారమివాదధాః' అంటాడు. దుఃఖం మీద దుఃఖం కలిగించావు, పుండు మీద క్షారం పెట్టినట్టు చేశావు అని ఆ మాటలకు అర్థం. సంస్కృతంలో 'క్షతే క్షారం' అనే నానుడి కూడా ఇదే భావంతో ఉంది. మనం తెలుగులో 'పుండు మీద కారం చల్లినట్టు' అంటే ఇప్పుడు ఎవరికైనా మిరపపొడి కళ్లముందు కనిపిస్తుంది గానీ, మిరపకాయ అమెరికా ఖండపు పంట. 1498లో వాస్కో డ గామా కాలికట్ తీరం చేరిన తరువాతి కాలంలో పోర్చుగీసువారి ఓడల మీద మన దేశానికి వచ్చింది. అంతకు ముందునుంచీ మనకున్న మిరియాన్ని బట్టే దానికి మిరపకాయ అని పేరు పెట్టుకున్నాం. కాబట్టి వాల్మీకి చెప్పిన క్షారంలో మిరపపొడి ఉండే వీలు లేదు. అయితే తాత్పర్యంలో 'కారం' అన్న మాట మాత్రం తప్పు కాదు. ఎందుకంటే ఆ తెలుగు మాట ఈ సంస్కృతపు మాట నుంచే వచ్చిందని మన నిఘంటుకారులు చెబుతారు. పక్షి 'పక్కి' అయినట్టు, రాక్షసి 'రక్కసి' అయినట్టు, లాక్ష 'లక్క' అయినట్టు, 'క్ష' అనే సంయుక్తాక్షరం తెలుగు నోట కకారంగా మారడం మామూలే. ఆ దారిలోనే క్షారము 'కారము' అయింది.

మరి భరతుడు అన్న క్షారం ఏమిటి? దీనికి అన్నిటికంటే స్పష్టమైన జవాబు కవుల దగ్గర కాదు, వైద్యుల దగ్గర దొరుకుతుంది. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో 11వ అధ్యాయం పేరే 'క్షారపాకవిధి'. అంటే క్షారాన్ని వండే పద్ధతి. అందులో ఆచార్యుడు మొదటే మాటకు వ్యుత్పత్తి చెబుతాడు: 'క్షరణాత్ క్షణనాద్వా క్షారః'. క్షరింపజేస్తుంది కనుక, లేదా హింసిస్తుంది కనుక అది క్షారం. క్షరించడమంటే కరిగి జారిపోవడం, నశించడం. నశించనిది గనుక 'అక్షరం' అన్న పేరు కూడా ఈ ధాతువు నుంచే వచ్చింది; మనం పలక మీద దిద్దిన అక్షరమూ ప్రయోగశాల సీసాలోని క్షారమూ ఒక ఇంటి పిల్లలే. ఆధునిక భాషాశాస్త్రజ్ఞులలో కొందరు దీన్ని 'కాలడం, మండడం' అనే అర్థమున్న 'క్షా' ధాతువుతో కలుపుతారు. వ్యుత్పత్తి ఏది సరైనదైనా నేను గమనించమని కోరేది ఒకటుంది: ఈ మాట ఒక రుచినో రంగునో చెప్పడం లేదు, ఒక పనిని చెబుతోంది. చర్మాన్నీ మాంసాన్నీ తినేసే, కరిగించే, ఒలిచే ఆ పనికి పెట్టిన పేరు అది. ఈ మాట చరిత్రలో తరువాత వచ్చిన చిక్కులన్నీ ఇక్కడినుంచే మొదలయ్యాయని నా అభిప్రాయం.

చరక సంహితలో దీని మీద ఒక చర్చే ఉంది. సూత్రస్థానం 26వ అధ్యాయంలో చైత్రరథమనే వనంలో ఋషులు కూర్చుని రుచులెన్ని అని వాదించుకుంటారు. ఒకరు ఒకటే అంటారు, ఒకరు రెండంటారు, సంఖ్య పెరుగుతూ పోతుంది. విదేహరాజైన నిమి ఏడు రుచులని చెప్పి, తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరులకు తోడు 'క్షారం' అనేదాన్ని ఏడవదిగా చేరుస్తాడు. చివరికి తీర్పు చెప్పిన ఆత్రేయుడు రుచులు ఆరేనని నిర్ణయించి, క్షారాన్ని ఆ వరుస నుంచి తీసేస్తూ చెప్పిన కారణం ఎంతో విలువైనది. క్షరింపజేసేది గనుక అది క్షారం, అది రసం కాదు, ద్రవ్యం. అనేక రసాలున్న పదార్థాల నుంచి పుట్టి, తానూ అనేక రసాలు కలిగి, 'కటుక లవణ భూయిష్ఠం'గా ఉంటుంది. పైగా అది ప్రకృతిలో దొరికేది కాదు, ఒక ప్రక్రియతో తయారు చేసుకునేది అని ఆయన అంటాడు. పనిని బట్టి పెట్టిన పేరును రుచికి పెట్టిన పేరుగా పొరబడవద్దని అంత పూర్వమే హెచ్చరించిన మాటలివి.

అయినా జనం ఆ హెచ్చరికను వినలేదు. 'కటుక లవణ భూయిష్ఠం' అంటే కారమూ ఉప్పూ ఎక్కువగా ఉన్నదని అర్థం కదా. ఆ రెండు రుచులనూ దేశంలోని భాషలు పంచుకున్నట్టు కనిపిస్తుంది. మన వైపు కారం మిగిలింది: తెలుగులో కారం, కన్నడంలో ఖార, తమిళంలో కారం, అన్నిటికీ నాలుక మండడమే అర్థం. ఉత్తరాన ఉప్పు మిగిలింది: హిందీలో 'ఖారా పానీ' అంటే ఉప్పునీరు, గుజరాతీలో 'ఖారుఁ', మరాఠీలో 'ఖారట్' అంటే ఉప్పగా ఉండడమే. పురాణాలలోని ఏడు సముద్రాలలో మొదటిదానికి 'క్షారోదం' అనే పేరుండడం ఈ ఉప్పు అర్థానికి పాత సాక్ష్యం. మీకు కనిపించిన రెండు తాత్పర్యాలలో ఒకరు కారమనీ ఒకరు ఉప్పనీ రాయడానికి కారణం ఇదే. ఇద్దరూ ఒకే మాటలోని చెరొక సగాన్ని పట్టుకున్నారు. ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. తమిళంలో ఆరు రుచులు చెప్పేటప్పుడు కారానికి 'కార్ప్పు' అనే మాట ఉంది, దాన్ని బట్టి ఈ పదానికి ద్రావిడ మూలం కూడా ఉండవచ్చునని వాదించడానికి వీలుంది. రెండు మూలాలు ఒకచోట కలిసి ఒకే మాటగా స్థిరపడడం భాషలో వింత కాదు. కానీ తెలుగులో నీరు 'కారడం' అన్న క్రియను చూసి, క్షరించడమూ కారడమూ ఒకటేనని కొందరు తేల్చేస్తుంటారు. ధ్వని కలిసినంత మాత్రాన బంధుత్వం రుజువు కాదు.

ఇప్పుడు సుశ్రుతుడి వంటింటికి వెళదాం. ముష్కకమనే చెట్టును కొట్టి, ముక్కలు చేసి, గాలి లేనిచోట పేర్చి, అందులో సున్నపురాళ్లు వేసి, నువ్వు కట్టెతో కాల్చమంటాడు. చల్లారిన తరువాత చెట్టు బూడిదను ఒకవైపు, కాలిన సున్నపురాళ్లను ఒకవైపు తీయాలి. ఒక ద్రోణం (పాతకాలపు కొలత) బూడిదను ఆరు ద్రోణాల నీటిలో కలిపి, 21 సార్లు వడగట్టి, పెద్ద మూకుడులో గరిటెతో తిప్పుతూ మెల్లగా కాచాలి. అది తేటగా, ఎర్రగా, తీక్ష్ణంగా, జిగటగా అయినప్పుడు మళ్లీ వడగట్టి, కొంత విడిగా తీసి ఉంచుకోవాలి. కాల్చిన సున్నపురాళ్లనూ శంఖాలనూ నిప్పురంగు వచ్చేదాకా కాల్చి, విడిగా తీసిన ఆ నీటిలోనే ఆర్పి, నూరి, తిరిగి మూకుడులో కలిపి కాచాలి. తయారైనదాన్ని ఇనుప కుండలో పోసి మూతి బిగించాలి.

మీరు రసాయనశాస్త్రం చెప్పేవారు కనుక ఇందులో జరుగుతున్నది మీకు వెంటనే తెలిసిపోతుంది. చెట్ల బూడిదలో నీటికి దిగేది ముఖ్యంగా పొటాషియం కార్బొనేట్, అది సౌమ్యమైన క్షారం. కాల్చిన సున్నం నీటిలో పడితే కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. ఈ రెండూ కలిస్తే కాల్షియం కార్బొనేట్ అడుగుకు చేరి, పొటాషియం హైడ్రాక్సైడ్ నీటిలో మిగులుతుంది. అంటే సుశ్రుతుడు మృదు క్షారమని, మధ్యమ క్షారమని చెప్పిన తేడా, సున్నం కలపకపోవడంలోనూ కలపడంలోనూ ఉంది. మధ్యమానికి మరికొన్ని మూలికలు చేరిస్తే తీక్ష్ణ క్షారం. ఇనుప పాత్రలో మూతి బిగించి ఉంచమనడం కూడా సరైన జాగ్రత్తే, ఎందుకంటే మూత తీసి ఉంచితే గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని అది తిరిగి కార్బొనేట్ అయిపోతుంది. హిందూ రసాయనశాస్త్ర చరిత్రను రాసి 1902లో తొలి సంపుటం వెలువరించిన ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ ఈ అధ్యాయాన్ని ప్రత్యేకంగా ఎత్తి చూపారు.

ఈ క్షారాన్ని వైద్యులు మొలల మీద, పులిపిరుల మీద, మానని పుండ్ల మీద రాసేవారు. రాసి నూరు అక్షరాలు పలికేంతసేపు ఆగమని లెక్క. ఆ చోటు నల్లబడితే కాలినట్టు గుర్తు. అప్పుడు మంట తగ్గడానికి పుల్లని ద్రవ్యాలను నెయ్యితో, అతిమధురంతో కలిపి పూయమన్నారు. ఇక్కడ గ్రంథంలోనే ఒక శిష్యుడి ప్రశ్న వస్తుంది: పులుపు కూడా తీక్ష్ణమే, ఉష్ణవీర్యమే, నిప్పులాంటిదే, నిప్పులాంటి క్షారాన్ని అది ఎలా చల్లారుస్తుంది? దానికి గురువు, క్షారంలో పులుపు తప్ప మిగిలిన రసాలన్నీ ఉన్నాయని, కారం ముఖ్యంగా, ఉప్పు దాని వెనుక ఉంటాయని, అది పులుపుతో కలిసినప్పుడు 'మాధుర్యం భజతేఽత్యర్థం తీక్ష్ణభావం విముంచతి', తియ్యదనం పొంది తీక్ష్ణతను వదిలేస్తుందని జవాబు చెబుతాడు. ఆమ్లమూ క్షారమూ కలిస్తే రెండింటి గుణాలూ పోతాయని మీరు తటస్థీకరణ పాఠంలో చెప్పేదాన్ని ఆయన రుచుల భాషలో చెప్పాడు. ఈ శ్లోకాన్ని తరగతిలో వినిపించడానికి పాఠ్యప్రణాళిక అడ్డురాదనుకుంటాను.

కనుక భరతుడు అన్నది పుండు మీద పడి మాంసాన్ని తినే ఈ బూడిదసారం గురించి. వైద్యుడు పెట్టేది మేలుకోసం. కైకేయి పెట్టినది అలాంటిది కాదు. ఆ ఉపమానంలోని తీవ్రత ఇప్పటి మిరపపొడికీ ఉప్పుకూ రాదు.

తెలుగులో ఈ పాత అర్థం పూర్తిగా చచ్చిపోలేదని కూడా మీ పిల్లలకు చెప్పండి. కంసాలి బంగారం అతికేటప్పుడు వాడే వెలిగారం 'వెలి' అనే తెల్లదనమూ 'కారమూ' కలిసిన మాట. దానికి మంటా లేదు, మిరపా లేదు. తమిళంలో దీన్నే వెంగారం అంటారు. సంస్కృతంలో సర్జక్షారమైన సోడా కార్బొనేటుకు తెలుగు పేరు సజ్జకారం. మలయాళంలో తినేసోడాను ఇప్పటికీ అప్పక్కారం అంటారు. వీటన్నిటిలో 'కారం' అంటే రుచి కాదు, క్షారమే. ఇంట్లో చేసి చూపదగిన గుర్తు ఒకటుంది: కట్టెల పొయ్యి బూడిదను గుప్పెడు తీసుకుని గ్లాసుడు నీళ్లలో రాత్రి నానబెట్టి, తెల్లవారి పైన తేరిన నీటిలో వేలి కొస ముంచి బొటనవేలితో రాస్తే సబ్బునీటిలా జారుతుంది. ఆ జారుడు బూడిదది కాదు, మన వేలి మీది జిడ్డు క్షారంతో కలిసి సబ్బుగా మారడం మొదలైందన్న మాట. బూడిదతో అంట్లు తోమినప్పుడు జిడ్డు వదలడంలోని రహస్యమూ ఇదే. పిల్లల చేత చేయిస్తే వెంటనే చేతులు కడిగించండి. సున్నం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కలపనివ్వకండి.

ప్రశ్న: క్షారాన్ని ఆహారంలో వాడడం మన పూర్వులకు తెలుసా? అపానవాయువుకనీ అరుగుదలకనీ మందుల షాపులో ఏవో 'క్షారాలు' అమ్ముతున్నారు. రోజూ వాడవచ్చా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తెలుసు. ఎక్కువ వాడవద్దనీ తెలుసు. చరక సంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో అతిగా వాడకూడనివి మూడు చెప్పారు: పిప్పళ్లు, క్షారం, లవణం. క్షారాన్ని నిత్యం తినే ఊళ్లవారికి చూపు పోవడం, బట్టతల, నెరిసిన జుట్టు, గుండెనొప్పి వంటివి కలుగుతాయని చెప్పి, 'ప్రాచ్యులు, చీనులు' అని ఉదాహరణ ఇచ్చారు. ప్రాచ్యులంటే తూర్పుదేశం వారు. అస్సాంలో ఇప్పటికీ ఎండబెట్టిన అరటితొక్కలను కాల్చి, ఆ బూడిదను వడగట్టిన నీటితో వండే కూరను 'ఖార్' అని పిలుస్తారు. భోజనంలో మొదట దాన్నే వడ్డిస్తారు. చరకంలోని ప్రాచ్యులకూ నేటి అస్సామీయులకూ నేరుగా ముడిపెట్టలేము గానీ, క్షారం అన్న మాట రుచిగా కాక పదార్థంగానే వంటింట్లో నిలిచిన చోటు అది.

శస్త్రచికిత్సలో నిలిచిన చోటు మరొకటి ఉంది. భగందరానికి, అంటే మలద్వారం దగ్గర ఏర్పడే నాళపు పుండుకు, ఆయుర్వేద వైద్యులు కట్టే 'క్షారసూత్రం' అనే దారానికి ఆకుజెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు పూతలుగా పూస్తారు. వినాయకచవితి పత్రిలో మనం తెచ్చుకునే ఉత్తరేణే అది, మొక్కను ఎండబెట్టి కాల్చి తీసిన బూడిదనుంచి క్షారం వస్తుంది. ఈ పద్ధతిని ఇరవయ్యవ శతాబ్దంలో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో తిరిగి అధ్యయనం చేసి వాడుకలోకి తెచ్చారు. మీరు అడిగిన రోజువారీ వాడకం విషయంలో నేను భాష వరకే చెప్పగలను; వైద్యుణ్ణి అడగకుండా వాడకండి.

ప్రశ్న: మాది పల్నాడు. మా పొలంలో కొంత చెక్క కారుచౌడు పడింది. వ్యవసాయాధికారి దాన్ని 'క్షారభూమి' అన్నారు. కారుచౌడులోని 'కారు' క్షారమేనా?
— ఒక రైతు

జవాబు: అర్థం కలిసింది గానీ మాట వేరు. కారుచౌడులోని 'కారు' అంటే నలుపు. కారుచీకటి, కారుమబ్బు అన్నప్పటి కారే ఇది, అచ్చమైన తెలుగు. ఆ పేరు పెట్టిన మన రైతులు నేల పైభాగాన్ని కళ్లతో చూసి పెట్టారు. ఉప్పు లవణాలు పైకి తేలి తెల్లగా పేరుకుంటే పాలచౌడు అన్నారు. పైపొర నల్లగా, తడిస్తే జారుతూ, ఎండితే రాయిలా బిగుసుకుపోతే కారుచౌడు అన్నారు. ఆ నలుపుకు కారణం మాత్రం క్షారమే. నేలలో సోడియం ఎక్కువై క్షారగుణం పెరిగినప్పుడు పశువుల ఎరువు, ఆకు అలములు కుళ్లగా వచ్చిన సేంద్రియ పదార్థం కరిగి నీటితో పైకి వచ్చి, నీరు ఆవిరైపోయాక నల్లటి పూతగా మిగులుతుంది. ఇంగ్లీషు శాస్త్రగ్రంథాలలో కూడా ఈ నేలకు 'బ్లాక్ ఆల్కలీ' అనే పాత పేరు ఉంది. రంగును చూసి పెట్టిన మన పేరూ గుణాన్ని చూసి పెట్టిన శాస్త్రపు పేరూ ఒకే నేలను రెండు వైపులనుంచి చూపుతున్నాయి.

ఇక్కడ మాట తేడా డబ్బు తేడా కూడా కనుక ఇంకొంచెం చెబుతాను. రెండింటినీ కలిపి 'చౌడు' అనేసి ఒకే మందు వేస్తే నష్టపోతారు. పాలచౌడులో నేల ద్రావణపు విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసైమన్లకు మించి ఉంటుంది, ఉదజని సూచిక (పీహెచ్) మాత్రం 8.5 లోపే ఉంటుంది. మంచినీరు నిలబెట్టి, ఆ నీరు బయటికి పోయే కాలువలు తీసి, లవణాలను కడిగివేయడమే దానికి చికిత్స. కారుచౌడులో సూచిక 8.5 దాటుతుంది, మట్టి రేణువులు పట్టి ఉంచుకున్న ధనాయానుల్లో (ధనావేశమున్న కణాల్లో) సోడియం 15 శాతం మించుతుంది. దాన్ని ఉత్త నీటితో కడిగితే బాగుపడదు సరికదా, మట్టి ఇంకా మెత్తబడి నీరు ఇంకదు. ముందు జిప్సం వేయాలి. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని మట్టి రేణువుల నుంచి తప్పించి తాను చేరుతుంది. విడివడిన సోడియం సల్ఫేటు నీటితో కొట్టుకుపోతుంది. ఎంత జిప్సం అన్నది మట్టి పరీక్ష చేయించుకుని తేల్చుకోవలసిన విషయం. అధికారి మీ నేలను 'క్షారభూమి' అన్నారంటే ఆయన చెప్పినది చౌడు అని మాత్రమే కాదు, చౌడులో ఈ రకం అని. ఆ మాటను పోగొట్టుకోకండి.

ప్రశ్న: మా పాప అమెరికాలో చదువుతోంది. వేసవిలో ఇక్కడికి వచ్చినప్పుడు తెలుగు పాఠ్యపుస్తకం చూసి, 'బేస్'కీ 'ఆల్కలీ'కీ రెండింటికీ క్షారమనే రాశారు, రెండూ వేరు కదా అని అడిగింది. తెలుగులో తేడా చూపలేమా? పసుపులో సున్నం కలిపితే ఎర్రబడడం గురించి కూడా అడిగింది. సున్నం క్షారమేనా?
— ఒక తల్లి, హైదరాబాదు

జవాబు: పాప పట్టుకున్న తేడా నిజమైనదే. దానికి ఆ రెండు మాటల పుట్టుక తెలియాలి. 'ఆల్కలీ' అరబ్బీ మాట. సముద్రతీరపు ఉప్పునేలల్లో పెరిగే మొక్కలను కాల్చిన బూడిదను 'అల్ కలీ' అన్నారు. అది పదార్థం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే పేరు. 1807లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ కాస్టిక్ పొటాష్‌ను కరిగించి విద్యుత్తు పంపి విడదీసిన లోహానికి జర్మన్ రసాయనవేత్తలు కేలియం అని పెట్టుకున్న పేరు ఆ అరబ్బీ మాటనుంచే వచ్చింది. పొటాషియానికి సంకేతం 'కె' కావడం అందువల్లనే. ఇక 'బేస్' అంటే ఆధారం, పునాది. ఆవిరైపోయే ఆమ్లానికి ఆధారమై నిలిచి, దాన్ని గట్టి లవణంగా మార్చేది అనే అర్థంలో 1754లో ఫ్రెంచి రసాయనవేత్త రూయెల్ ఆ మాటను స్థిరపరిచాడు. అంటే ఒకటి పుట్టిన చోటును చెబుతుంది, ఒకటి లవణంలో దాని పాత్రను చెబుతుంది, మన క్షారం అది చేసే పనిని చెబుతుంది. ఆమ్లం విషయంలో ఈ గొడవ లేదు. ఆమ్లమన్నా యూరపు భాషల్లోని 'ఆసిడ్' అన్నా రెండూ పులుపే. ఆమ్లానికి పేరు నాలుక పెట్టింది, దాని జోడుకు పొయ్యి పెట్టింది.

ఆల్కలీలన్నీ బేసులే, బేసులన్నీ ఆల్కలీలు కావు. నల్లటి కాపర్ ఆక్సైడ్ నీటిలో కరగదు, అందుకని అది ఆల్కలీ కాదు. కానీ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేస్తే కరిగి నీలి ద్రావణమవుతుంది, కనుక బేస్ అవుతుంది. కడుపులో మంటకు తాగే మందులోని అల్యూమినియం హైడ్రాక్సైడ్ కూడా అంతే. 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ అనే ఇద్దరు విడివిడిగా, ప్రోటాన్‌ను స్వీకరించేదల్లా బేస్ అని నిర్వచించాక ఆ మాట బూడిదకు ఇంకా దూరం వెళ్లిపోయింది. డీఎన్ఏలోని అడెనిన్, గ్వానిన్, సైటోసిన్, థైమిన్‌లను తెలుగులో 'నత్రజని క్షారాలు' అంటున్నాం. సుశ్రుతుడి మూకుడులో మొదలైన మాట జన్యువుల దాకా వెళ్లింది!

ఇతర భాషలవారు ఈ తేడాను చూపారు. హిందీలో ఆల్కలీని 'క్షార్' అని, బేస్‌ను 'క్షారక్' అని అంటారు. కన్నడంలో బేస్‌కు 'ప్రత్యామ్ల' అన్నారు, అంటే ఆమ్లానికి ఎదురు నిలిచేది. తెలుగులో మాత్రం ఒకే మాట రెండు పనులు చేస్తూ, తేడా అవసరమైన చోట 'నీటిలో కరిగే క్షారం' అని చెప్పుకుంటున్నాం. నన్నడిగితే హిందీ దారి మంచిది. ఆల్కలీకి క్షారం, బేస్‌కు క్షారకం అని పెట్టుకుంటే, ఇప్పటికే వాడుకలో ఉన్న క్షారలోహాలు, క్షారమృత్తిక లోహాలు అన్న పేర్లు చెక్కుచెదరవు. డీఎన్ఏలోనివి నత్రజని క్షారకాలు అవుతాయి. పిల్లలకు ఒక్క అక్షరం అదనపు బరువు. అన్ని తరగతుల పుస్తకాలనూ మార్చడం తేలిక కాదని తెలిసే అంటున్నాను.

సున్నం సంగతికి వస్తే, పూర్వం అది క్షారం కాదు. వైద్యగ్రంథాలలోని 'క్షారత్రయం' అంటే యవల బూడిదనుంచి తీసే యవక్షారం, పైన చెప్పిన సజ్జకారమే అయిన సర్జిక్షారం, వెలిగారం. సున్నం అందులో లేదు. సుశ్రుతుడు క్షారానికి పదును పెట్టడానికి సున్నాన్ని వాడాడు గానీ దాన్ని క్షారమనలేదు, దాని పేరు సుధ. ఆధునిక రసాయనశాస్త్రం వచ్చాకనే అది కూడా ఈ మాట కిందికి చేరింది. పసుపులోని పచ్చరంగు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్లు, పసుపుతో వెలిగారం కలిపి ఇంట్లో చేసుకునే కుంకుమ, అన్నీ ఈ ఒక్క గుణం మీద ఆధారపడినవే. పాపను ఒక పళ్లెంలో పసుపునీళ్లు పోసి, వక్కపలుకంత తాంబూలపు సున్నం కలపమనండి, నీళ్లు ఎర్రబడతాయి. తరువాత అందులోకి నిమ్మకాయ పిండమనండి. ఒక్కో బొట్టు పడినచోట ఎరుపు విరిగి మళ్లీ పసుపు తేలుతుంది. సున్నం తన తీక్ష్ణభావాన్ని వదలడం కంటికి కనిపించేది అప్పుడే.